ఐదో నెల జరం, పదిహేనేండ్ల బిడ్డ

ఏఎన్ఎంగా ఉద్యోగంలో చేరి, ఉట్నూరు ఏజెన్సీలో చాలా కాలం, ఆ తర్వాత జగిత్యాల, కరీంనగర్ వైపు హెల్త్ సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరైనదాన్ని. నేను బొడ్డు కోసిన పిల్లలు పదో తరగతి పరీక్షలు రాసేదాకా నా కండ్ల ముందే తిరిగారు. కాబట్టి, గర్భంలో తల్లి ఒంట్లో లేచిన మంట ఈడొచ్చిన పిల్లల మనసు మీద పని చేయొచ్చు అని శాస్త్రవేత్తలు అంటున్నారంటే నాకు వింతగా అనిపించలేదు. ఆ మాట మన ఇండ్లల్లోకి వస్తే దాన్ని ఎవరి మీద ఎట్లా వాడతారో అన్న బుగులు మాత్రం పట్టుకుంది. కొత్తగా చేరిన ఏఎన్ఎం పిల్లలు, ఆశాలు అడిగినప్పుడల్లా చెప్పినవే ఇక్కడ నంబర్లు వేసి రాస్తున్నాను. ముందున్నది పెద్దదనీ వెనకున్నది చిన్నదనీ లేదు.

1. "మొన్నటి అంగడి సంది" అంటే ఆలస్యమైనట్టే

ఉట్నూరు, నార్నూరు, జైనూరు, తిర్యాణి, కెరమెరి. వానలు పడితే ఈ ఊర్ల పేర్లన్నీ మాకు జరాల పేర్లే. వాగు పొంగితే గూడేనికి దారి తెగుతుంది, దారి తెరుచుకునేసరికి జరం నాలుగైదు ఇండ్లు తిరిగి ఉంటుంది. కడుపుతోటి ఉన్న ఆడమనిషి చలిజరంతో పడుకుంటే "ఎన్ని రోజుల సంది?" అని అడిగేవాళ్లం. "మొన్నటి అంగడి సంది" అనేది జవాబు. అంగడి నుంచి అంగడికి వారం. వారం పాటు జరాన్ని మోసిన గర్భిణి మా ముందు కూచుని, ఏమీ కానట్టు, ఇంట్లో చిన్నపిల్లోడికి గోలీలు అడిగేది.

"అందరికీ వస్తలేదా జరం?" అంటారు ఇంట్లోవాళ్లు. వస్తుంది. అయితే గర్భిణికి వచ్చే మలేరియా తీరు వేరు. ఫాల్సిపారం క్రిములు మాయలో గుంపు కట్టి కూచుంటాయి. వేలి కొస నుంచి తీసిన రక్తపు చుక్కలో కనపడకపోయినా మాయలో ఉండొచ్చు. జరం దిగిందని ఆమె పత్తి చేనుకు పోతుంది, లోపల బిడ్డకు అందవలసిన ఆహారం, ఆక్సిజన్ తగ్గుతూనే ఉంటాయి. పుట్టిన బిడ్డ తూకం చూసినప్పుడు గానీ సంగతి బయటపడదు.

ఇంకో మాట. మలేరియా మందు ఇచ్చేముందు నెల తప్పిందా అని అడగకుండా ఇవ్వకూడదు. నెలను బట్టి ఇచ్చే మందు మారొచ్చు, ప్రైమాక్విన్ గర్భిణికి అసలే ఇవ్వరు. పది మంది ముందు, మామ పక్కన నిలబడి ఉండగా అడిగితే కొత్త కోడలు నోరు విప్పదు. పక్కకు పిలిచి అడగాలి. ఇది ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు మాకు.

2. క్రిమి బిడ్డ దాకా పోకపోయినా మంట పోతుంది

ఇది కొంచెం ఓపికగా చదవండి.

ఒంట్లోకి క్రిమి వచ్చినప్పుడు రక్తంలోకి కొన్ని రసాయనాలు కబురు మోసుకుంటూ బయల్దేరతాయి. వాటిని సైటోకైన్లు అంటారు. జరం రావడం, ఒళ్లు నొప్పులు, వాపు, అన్నం సయించకపోవడం ఇదంతా వాటి పనే. మొత్తాన్ని కలిపి డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారు, నేను మంట అంటున్నాను. అది తల్లిని కాపాడటానికి లేచిన మంటే, శత్రువు కాదు. చాలా క్రిములు మాయను దాటి బిడ్డను చేరలేవు. కానీ తల్లి ఒంట్లో మంట లేస్తే మాయకు ఆ సెగ తగులుతుంది, మాయ తన వంతుగా ఇంకొన్ని రసాయనాలు విడుదల చేస్తుంది. అమెరికాలో కాల్టెక్ అనే సంస్థలో పాల్ ప్యాటర్సన్ బృందం 2007లో దీన్ని ఎలుకల్లో చూపించింది. వాళ్లు ఏ వైరస్‌నూ ఎక్కించలేదు. ఇంటర్‌ల్యూకిన్-6 అనే ఒక్క సైటోకైన్‌ను చూలు ఎలుకకు గర్భం మధ్యలో ఒకసారి సూదితో ఇచ్చారు. పుట్టిన పిల్లలు పెద్దయ్యాక వాటి నడవడి తేడాగా ఉంది. అంటే, ఏ క్రిమి అన్నదానికంటే ఎంత మంట, ఏ నెలలో అన్నది ముఖ్యం అన్నమాట.

మరి పుట్టినప్పుడు బాగానే ఉన్న బిడ్డకు పదిహేనేండ్లకు ఏమవుతుంది? నన్ను చాలా రోజులు తినేసిన ప్రశ్న ఇది. మెదడులో మైక్రోగ్లియా అనే కావలి కణాలు ఉంటాయి. గర్భం తొలి వారాల్లోనే అవి బిడ్డ మెదడులో చేరిపోతాయి. మెదడు మొదట కణాల మధ్య అవసరానికి మించి అతుకులు వేసుకుంటుంది, పనికిరానివాటిని తీసేసే పనిలో ఈ కణాలకు పెద్ద పాత్ర ఉంది. మా వైపు ఆడవాళ్లు రేకు పెట్టి తునికాకును కత్తిరించినట్టే ఇది: ఆకు పెద్దదిగానే వస్తుంది, కొలతకు మించింది పోతేనే బీడీ అవుతుంది. ఈ కత్తిరింపు ఈడొచ్చే వయసులో మళ్లీ జోరుగా సాగుతుంది, అదీ ఆలోచన, అదుపు, తీర్మానం చూసుకునే మెదడు ముందుభాగంలో. గర్భంలోనే ఒకసారి రెచ్చిపోయిన కణాలు ఆ రెండో పెద్ద పనికి దిగినప్పుడు తేడా చేయొచ్చని శాస్త్రవేత్తల అనుమానం. పిచ్చి, పెద్ద డిప్రెషన్ లాంటివి చిన్నప్పుడు కాకుండా ఆ వయసులోనే ఎందుకు తలెత్తుతాయి అన్నదానికి ఇది ఒక జవాబు. ఒక్కటే జవాబు అని ఎవరూ అనడం లేదు.

మనుషుల్లో చూసింది లేదా అంటే, ఉంది. 1957లో ఫ్లూ ప్రపంచమంతా తిరిగింది. ఫిన్లాండ్‌లోని హెల్సింకిలో ఆ రోజుల్లో మధ్య నెలల్లో ఉన్న తల్లుల పిల్లలు పెద్దయ్యాక స్కిజోఫ్రీనియా అనే మనసు జబ్బుతో దవాఖానలో చేరడం ఎక్కువగా కనపడిందని 1988లో మెడ్నిక్ బృందం రాసింది. వాళ్లు తారీకులు చూసి లెక్క కట్టారు గానీ ఏ తల్లికి నిజంగా ఫ్లూ వచ్చిందో చూడలేదు. ఆ లోటు కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్ తీర్చింది. అక్కడ 1959 నుంచి గర్భిణుల రక్తాన్ని మంచులా గడ్డకట్టించి దాచిపెట్టారు. అలన్ బ్రౌన్ బృందం దశాబ్దాల తర్వాత ఆ సీసాలు తీసి పరీక్షించి 2004లో ప్రకటించింది: గర్భం మొదటి సగంలో ఫ్లూ సోకిన ఆనవాళ్లు ఉన్న తల్లుల పిల్లల్లో స్కిజోఫ్రీనియా మూడింతలు. అట్లా దాచిన రక్తాన్ని, ఆ పిల్లలు ఈడొచ్చాక వాళ్లతో మాట్లాడి రాసిపెట్టిన వివరాలను పక్కపక్కన పెట్టి, మంటకూ దిగులుకూ ఉన్న సంబంధాన్ని తర్వాత ఇంకొందరు వెతికారు. అసలు పనంతా ఆ రక్తాన్ని దాచినవాళ్లది. మనం రిపోర్టులతో పొయ్యి ముట్టిస్తాం.

3. మూడింతలు అంటే భయపడకముందు మొదటి అంకె అడగండి

స్కిజోఫ్రీనియా నూటికి ఒకరికి కూడా రాని జబ్బు. మూడింతలైనా నూటికి తొంభై ఏడు మందికి పైగా పిల్లలకు రాదు. పేపర్లో "మూడు రెట్లు" అని చదివి ఏడుస్తూ వచ్చిన గర్భిణికి నేను వేళ్ల మీద లెక్క చెప్పి పంపాను. చదువుకున్న ఆమె, లెక్కల టీచరే.

4. జరం లేని మంటలు

ఏజెన్సీ వదిలి జగిత్యాల వైపు వచ్చాక మలేరియా తగ్గింది, మంట తగ్గలేదు. అది వేరే వేషంలో ఉంటుంది.

మొదటిది మూత్రం. పత్తి ఏరే కాలంలో ఆడవాళ్లు పొద్దున ఏడింటికి చేనుకు పోతే చీకటి పడ్డాక వస్తారు. చేనులో చాటు దొరకదు కాబట్టి నీళ్లు తాగరు. తాగకపోవడాన్ని ఓర్పు అనుకుంటారు. గర్భిణికి మూత్రంలో క్రిములు చేరడం తేలిక, మూత్రం పోసేటప్పుడు మంట గానీ నొప్పి గానీ లేకుండా కూడా చేరతాయి. వదిలేస్తే కిడ్నీలకు ఎక్కి, జరం, నెలలు నిండని కాన్పు దాకా పోతుంది. మూత్రపరీక్ష అంటే చక్కెర, ప్రొటీన్ చూసే పట్టీ ఒక్కటే కాదు, క్రిములు చూసే పరీక్ష కూడా చేయమని అడగండి. కరీంనగర్ జిల్లాలో ఆపరేషన్ కాన్పులు నూటికి 80 దాటాయని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలినప్పుడు దేశమంతా మాట్లాడుకుంది. ఏ ముహూర్తానికి కోయించాలో అయ్యగారిని అడిగి వచ్చే కుటుంబాలను నేను చూశాను. ఐదో నెలలో మూత్రపరీక్ష చేయించారా అంటే వాళ్లే తెల్లమొహం వేస్తారు.

రెండోది బీడీ. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు చాట ఒళ్లో పెట్టుకోని ఆడమనిషి తక్కువ. నిండు గర్భంలో కూడా చాట దిగదు, కడుపు అడ్డం వస్తే పక్కకు జరుపుకుంటారు. తంబాకు దుమ్ము ముక్కులోకి, వేళ్ల చర్మంలోంచి ఒంట్లోకి పోతుంది. బీడీ చుట్టేవాళ్ల మూత్రంలో నికోటిన్ ఆనవాళ్లు దొరికాయి, వాళ్లు ఒక్క దమ్ము కూడా కొట్టకపోయినా. "చుట్టకు" అని చెప్పే హక్కు నాకు లేదు, ఆ కూలీతోనే ఇల్లు గడుస్తుంది. వాకిట్లో గాలి ఆడేచోట కూచో, ముక్కుకు కొంగు కట్టుకో, చేతులు కడుక్కోకుండా తినకు, వంటింట్లో తంబాకు పెట్టకు అని మాత్రం చెప్పేదాన్ని. కట్టెల పొయ్యి పొగ కూడా ఈ లెక్కలోదే. గోదావరిఖని, రామగుండం వైపైతే బొగ్గు దుమ్ము.

చిగుళ్లు. పండ్ల నుంచి రక్తం కారుతుంటే "కడుపుతో ఉంటే అంతే" అంటారు. చిగుళ్ల జబ్బు ఉన్న తల్లుల్లో నెలలు నిండని కాన్పులు ఎక్కువ అన్నది నిజం. అయితే గర్భంలో చిగుళ్లు శుభ్రం చేయిస్తే అవి తగ్గుతాయా అని అమెరికాలో పరీక్షించి 2006లో చెప్పారు, తగ్గలేదు. అంటే పెండ్లికి ముందే పండ్ల డాక్టర్ దగ్గరికి పోవాలని నేను అర్థం చేసుకున్నాను. కట్నం మాట్లాడేటప్పుడు ఈ సంగతి ఎవరికి గుర్తొస్తుంది?

ఇక షుగర్, బీపీ, ఎక్కువ బరువు. ఇవీ సన్నగా కాలే మంటలే. గోండు, కొలాం గూడేల్లో సికిల్ సెల్ సంగతి వేరే చెప్పాలి. ఆ జబ్బున్న తల్లికి గర్భమంటే నొప్పులు, ఇన్ఫెక్షన్లు, రక్తహీనత ఒకదాని వెంట ఒకటి. 2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. పెండ్లికి ముందే పిల్లకూ పిల్లగానికీ ఆ రక్తపరీక్ష చేయించడం ఆశాల చేతిలో పని.

5. ఆరెంపీ సూది

జరం వస్తే ఊర్లో దొరికేది ఆరెంపీనే, ఆయన్ను తిట్టి లాభం లేదు, అర్ధరాత్రి తలుపు తీసేది ఆయనే. కానీ ఒళ్లు నొప్పులకు ఆయన చేతిలో తయారుగా ఉండేది డైక్లోఫెనాక్ సూది. ఐదు నెలలు దాటిన గర్భిణికి అది మంచిది కాదు. బిడ్డ కిడ్నీల మీద పడుతుంది, ఉమ్మనీరు తగ్గుతుంది. "నాకు ఐదో నెల" అని సూదికి ముందే చెప్పండి. జరానికి పారాసిటమాల్ సంగతి కూడా అడుగుతున్నారు ఈ మధ్య. స్వీడన్‌లో దాదాపు 25 లక్షల మంది పిల్లలను చూసి 2024లో ఒక అధ్యయనం వచ్చింది. అక్కాచెల్లెండ్లను, అన్నదమ్ములను ఒకరితో ఒకరిని పోల్చి చూస్తే ఆ గోలీకీ ఆటిజానికీ సంబంధం కనపడలేదు. అవసరమైనంత, డాక్టర్ చెప్పినంత వేసుకోవచ్చు. జరాన్ని మండనివ్వడం మంచిది కాదు.

6. తల్లిని నిలబెట్టి అడగకండి

నాకు బుగులు పట్టుకుందని చెప్పింది దీని గురించే. పిల్లగాడు చదువు మానేసి గదిలో పడుకుంటే, పిల్ల మూడు రోజులు మాట్లాడకపోతే, "నీ కడుపులో ఉన్నప్పుడే ఏదో చేసినవ్" అని కోడల్ని అనడానికి ఈ దేశంలో ఎవరికీ సైన్సు అవసరం లేదు. గ్రహణం రోజు బయట తిరిగిందనేవాళ్లు. ఇప్పుడు ఇన్‌ఫ్లమేషన్ అంటారు. అనే నోరు అదే.

అందుకే ఇదీ తెలుసుకోండి. పైన చెప్పిన అధ్యయనాలు చాలావరకు ఒక కుటుంబాన్ని ఇంకో కుటుంబంతో పోల్చాయి. జబ్బు పడ్డ తల్లికీ పడని తల్లికీ మధ్య జబ్బు ఒక్కటే తేడా కాదు. పేదరికం, ఇల్లు, తిండి, ఇంటి రక్తంలో వచ్చే గుణం అన్నీ తేడానే. స్వీడన్‌లో కరోలిన్‌స్కా సంస్థవాళ్లు సుమారు ఐదున్నర లక్షల మంది పిల్లలను చూసి 2022లో రాశారు: గర్భంలో దవాఖానకు పోవలసినంత ఇన్ఫెక్షన్ వచ్చిన తల్లుల పిల్లల్లో ఆటిజం ఎక్కువగానే కనపడింది. కానీ ఒకే తల్లి పిల్లలను పోల్చి చూస్తే, జబ్బు పడ్డ కాన్పులో పుట్టిన బిడ్డకూ పడని కాన్పులో పుట్టిన బిడ్డకూ తేడా నిలబడలేదు. గర్భానికి ముందు ఏడాది ఇన్ఫెక్షన్ వచ్చినా ఆ సంబంధం కనిపించింది. గర్భానికి ముందు వచ్చిన జరం బిడ్డ మెదడును ఎట్లా తాకుతుంది? తాకదు కదా. కాబట్టి ఆటిజం వరకు, ఆ జరమే కారణమనడం కష్టం.

ఒక అధ్యయనం ఔనంటుంది, ఒకటి కాదంటుంది, మేము ఏది నమ్మాలి అని ఒక ఆశా అడిగింది. రెండూ ఒకే పని చెబుతున్నాయి తల్లీ అన్నాను. తల్లి జబ్బుకు వెంటనే వైద్యం చేయి, ఆమెను నిందించకు. జరానికి మందు ఇవ్వడానికి పదిహేనేండ్ల తర్వాతి లాభం దాకా ఎందుకు, ఈ పూట ఆమె ప్రాణం చాలదా?

7. రెండో దెబ్బ మన చేతిలో పడుతుంది

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన ప్రయోగం జ్యూరిక్‌లో జరిగింది. 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. చూలు ఎలుకలకు వైరస్ సోకినట్టు ఒంటిని నమ్మించే మందు కొద్దిగా ఇచ్చారు, మంట లేచింది. పుట్టిన పిల్లలు ఈడుకు వచ్చే వయసులో కొన్నింటిని బెదిరించారు, నీళ్లు ఆపారు, మాటిమాటికీ గూళ్లు మార్చారు. గర్భంలో మంట ఒక్కటే తగిలినవి చాలావరకు తట్టుకున్నాయి. ఈడులో బాధ ఒక్కటే తగిలినవీ చాలావరకు తట్టుకున్నాయి. రెండూ తగిలినవాటిలో మాత్రం నడవడి బాగా చెదిరింది, వాటి మెదడులో మైక్రోగ్లియా కణాలు రెచ్చిపోయి కనిపించాయి.

ఎలుక ఎలుకే, మనిషి మనిషే. అయినా ఆ జాబితా మళ్లీ చదవండి. బెదిరింపు, మాటిమాటికీ చోటు మార్చడం. మన పిల్లల పదమూడు నుంచి పద్దెనిమిది ఏండ్లు ఎట్లా గడుస్తున్నాయి?

ఏజెన్సీ పిల్ల గూడెం వదిలి ఆశ్రమ పాఠశాలకు పోతుంది. ఇంట్లో గోండి, బడిలో తెలుగు, ఇప్పుడు పుస్తకాల్లో ఇంగ్లీషు. ఒక హాల్లో ఎన్ని పెట్టెలు పడితే అన్ని పెట్టెల మధ్య నిద్ర. జరం వస్తే తల్లి లేదు. సెలవులకు ఇంటికి వచ్చి తిరిగి పోనని ఏడ్చే పిల్లను "చదువు వద్దా?" అని తోలుతారు. ఆ బడులే లేకపోతే ఆ పిల్లలకు చదువే లేదు, నేను వాటి వైపే. కానీ హాస్టల్లో ఒక పెద్ద ఆడమనిషి, పిల్లల భాష వచ్చినామె, రాత్రిపూట ఉండాలని ఎన్ని మీటింగుల్లో చెప్పినా రాసుకున్నవాళ్లు తక్కువ.

కరీంనగర్ పిల్లలకు ఇంకో తీరు. ఇంటర్ అనగానే హాస్టల్, తెల్లవారుజామున స్టడీ అవర్, ఆదివారం పరీక్ష, సెక్షన్ మార్చడం. ర్యాంకు తగ్గితే పిల్లగాడు కింది సెక్షన్‌కు, పరుపు కింది అంతస్తుకు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు తప్పులతో వచ్చినప్పుడు మన రాష్ట్రంలో 20 మందికి పైగా పిల్లలు పోయారు. వాళ్ల తల్లుల గర్భాల గురించి ఎవరూ అడగలేదు. అడగకపోవడమే సరి. తప్పు మార్కుల మెమోలో ఉంది.

ఐదో నెలలో వచ్చిన జరాన్ని ఇప్పుడు వెనక్కి పోయి ఎవరూ తీసేయలేరు. ఇంట్లో పిల్లగాడిని ఎనిమిది గంటలు పడుకోనివ్వడం, నలుగురి ముందు కొట్టకపోవడం, ఆరు నెలలకోసారి బడి మార్చకపోవడం మాత్రం ఈ రోజే చేయొచ్చు. గర్భంలో జబ్బు పడ్డ తల్లి, "నా బిడ్డకు ఏమైతదో" అని రంది పడుతుంటే నేను చెప్పేది ఈ సంగతే.

8. ఉప్మా తిన్న తల్లుల పిల్లలు

మన దగ్గర పరిశోధన లేదనేవాళ్లకు ఇది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, నగరానికి దగ్గరలో 29 ఊర్లు తీసుకుంది. 15 ఊర్లలో గర్భిణులకు, ఆరేండ్ల లోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో ఉప్మా వండి పెట్టారు. 14 ఊర్లలో అప్పటికి ఆ పథకం చేరలేదు. 2003-05లో పోయి అప్పటి పిల్లలను వెతికి పట్టుకున్నారు, 13 నుంచి 18 ఏండ్ల మధ్య ఉన్నారు. ఉప్మా ఊర్ల పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ, ఇన్సులిన్ బాగా పనిచేస్తోంది, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. సెంటిమీటరున్నర కూడా లేదు గదా అని నవ్వకండి. అది సర్కారు సరుకుతో, అంగన్‌వాడీ ఆయా వండిన ఉప్మాతో, పదిహేనేండ్ల తర్వాత కనపడ్డ తేడా. అక్కడ మనసు సంగతి చూడలేదు, గుండె సంగతి చూశారు. కానీ గర్భంలో తిన్నది ఈడొచ్చిన ఒంట్లో కనపడుతుందని మన నేల మీదే తేలింది.

2015 జనవరి 1న ఆరోగ్యలక్ష్మి మొదలైంది, అంగన్‌వాడీలో గర్భిణికి ఒక పూట అన్నం, గుడ్డు, పాలు. 2022 డిసెంబర్‌లో న్యూట్రిషన్ కిట్ తొమ్మిది జిల్లాల్లో తెచ్చినప్పుడు ఆదిలాబాద్, ఆసిఫాబాద్ రెండూ అందులో ఉన్నాయి. గుడ్డు అక్కడే కూచుని తినాలన్న నియమాన్ని మొదట్లో చాలామంది అవమానం అనుకున్నారు. నేను దాన్ని మెచ్చుకున్నాను. ఇంటికి తీసుకుపోతే ఆ గుడ్డు నాలుగు ముక్కలవుతుంది, ఆమె ముక్క అన్నిటికంటే చిన్నది.

9. గాలి సోకిందంటే కొట్లాడకండి

పిల్లకు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తే కట్టించనివ్వండి. దేవుడి దగ్గరికి పోతామంటే పోనివ్వండి. "పోయి రండి, వచ్చేటప్పుడు ఆదిలాబాద్ రిమ్స్‌లో కూడా చూపించుకుని రండి" అంటే వింటారు. "అదంతా మూఢనమ్మకం" అంటే మళ్లీ మీకు తలుపు తీయరు. డాక్టరుకు చూపించాల్సిన గుర్తులు ఇవి: నిద్ర తలకిందులు కావడం, తిండి మానడం, ఇష్టమైన ఆట వదిలేయడం, స్నేహితులకు దూరం కావడం, లేని గొంతులు వినపడటం, చచ్చిపోతానన్న మాట నోట రావడం. చివరి రెండింటికి రేపు అనుకోవద్దు, ఆ రోజే. 2022 అక్టోబర్ నుంచి టెలిమానస్ ఫోన్ నంబరు 14416 పనిచేస్తోంది, తెలుగులో మాట్లాడతారు, పైసలు లేవు. నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏండ్ల పిల్లల్లో నూటికి ఏడుగురికి పైగా ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. మన రాష్ట్రం ఆ సర్వేలో లేదు గానీ మన పిల్లలు వేరే మట్టితో చేసినవాళ్లు కారు.

10. ఈడొచ్చిన పిల్లే తల్లి అయితే

పైన అన్నీ తల్లి ఒకరు, ఈడొచ్చిన బిడ్డ ఒకరు అన్నట్టు రాశాను. మన దగ్గర తరచుగా ఇద్దరూ ఒక్కరే. 2019-21 సర్వేలో మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏండ్ల ఆడవాళ్లలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెండ్లైంది. గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత. పదిహేడేండ్ల పిల్ల మెదడు ఇంకా కట్టుకుంటూ ఉంటుంది, ఒళ్లు ఇంకా ఎదుగుతూ ఉంటుంది, లోపల ఇంకొకరికి ఎదుగుదల పంచాలి. కొత్త ఇల్లు, తెలియని మనుషులు, బడి పోయిన దిగులు, దానికి తోడు వాంతులు. ఏడిస్తే "మారాం" అంటారు. చెకప్‌కు వచ్చిన అట్లాంటి పిల్లను నేను బీపీ కంటే ముందు "రాత్రి నిద్ర పడుతోందా బిడ్డా?" అని అడిగేదాన్ని. చాలామంది దానికి జవాబుగా వాళ్ల బడి పేరు చెప్పేవాళ్లు, ఏ తరగతిలో ఆగిపోయారో చెప్పేవాళ్లు.

కాబట్టి గర్భంలో మంట గురించి నిజంగా ఏదైనా చేయాలంటే మొదటి మందు పెండ్లి వాయిదా. దీని మీద నాతో వాదించేవాళ్లు ఉన్నారు. ఆడపిల్లను ఇంట్లో పెట్టుకోవడం ఎంత భారమో నీకేం తెలుసు అంటారు. తెలుసు. నాకూ ఆడపిల్లలే.

11. కార్డు

పదిహేనేండ్ల పిల్లతో మనసు డాక్టర్ దగ్గరికి పోతే ఆయన మొదట్లోనే అడుగుతాడు, "గర్భంలో ఉన్నప్పుడు తల్లికి ఏమైనా జబ్బు చేసిందా? నెలలు నిండి పుట్టిందా? బరువెంత?" తల్లి మామ వైపు చూస్తుంది, మామ పైకప్పు వైపు చూస్తాడు. తల్లీబిడ్డ కార్డు టీకాలు అయిపోగానే చెత్తలో పోయి ఉంటుంది.

2020 మార్చిలో ఇండోనేషియా నుంచి కరీంనగర్ వచ్చిన మత ప్రచారకులకు కొవిడ్ తేలి, మొత్తం తెలంగాణ కరీంనగర్ వైపు చూసింది. ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ కొవిడ్‌తో ఉండగానే కాన్పైన తల్లులు మన జిల్లాల్లో ఊరూరా ఉన్నారు. ఆ పిల్లలు ఇప్పుడు చిన్నబడిలో ఉన్నారు, 2033, 2034 వచ్చేసరికి వాళ్లకు పదమూడేండ్లు నిండుతాయి. పిల్లలు బాగుంటే చాలా సంతోషం, చాలామంది బాగానే ఉంటారు. ఎవరికైనా డాక్టర్ అవసరం పడితే కాగితం ఉండాలి. కార్డులో జరాలకు ప్రత్యేకంగా గడి దొరకకపోతే ఖాళీ జాగా చూడండి. ఆశాలు అక్కడ రాయండి: ఎన్నో నెలలో జరం, ఎన్ని రోజులు, మలేరియా, డెంగీ, కొవిడ్ ఏ పరీక్ష చేశారు, ఏం తేలింది, ఏ మందు వాడారు, మూత్రంలో క్రిములు ఉన్నాయా, చక్కెర, బీపీ, కాన్పు ఏ వారంలో, బిడ్డ తూకం. డాట్ పెన్నుతో రాయండి, ఇంకు పెన్ను వానకు కారిపోతుంది. ఫోన్‌లో ఫోటో తీసి తండ్రికీ మేనమామకూ పంపండి, ఒక ఫోన్ పోయినా ఇంకోటి ఉంటుంది. కార్డును పట్టాదారు పాస్ పుస్తకం ఉన్న సంచిలోనే పెట్టమనండి. ఆ సంచిని మాత్రం ఏ ఇంట్లోనూ పారేయరు.